డాక్టర్ల సమ్మె: వార్డులో చదువు ఎక్కడ తెగుతుంది?

క్లుప్తంగా: జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగితే ఓపీ ఆగిపోవడం అందరి కంటా పడుతుంది. అదే సమయంలో వార్డులో జరగాల్సిన చదువు కూడా ఆగుతుంది, అది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. నిబంధనలు శిక్షణను రోజుల్లో కొలుస్తాయి, విద్యార్థి నేర్చుకునేది కేసుల దగ్గర. పోయిన రోజులను పొడిగింపుతో పూడుస్తారు. పోయిన కేసులకు ఆ దారి లేదు. ఎక్కువ దెబ్బ తినేది సమ్మెలో లేని ఎంబీబీఎస్ విద్యార్థులు, చిన్న పోస్టింగుల్లో ఉన్న హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చదువు ముగించి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు).

క్యూలో కనిపించని నష్టం

తిరుపతి రుయా ఆస్పత్రిలో పొద్దున్నే ఓపీ చీటీల దగ్గర జనం చేరతారు. పీలేరు, శ్రీకాళహస్తి, వెంకటగిరి, రాజంపేట వైపు నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చినవాళ్లు కొందరు. కొండకు వచ్చి జ్వరమో ఛాతీ నొప్పో పట్టుకుని దిగినవాళ్లు కొందరు. జూడాలు (జూనియర్ డాక్టర్లు, అంటే హౌస్ సర్జన్లు, పీజీలు) ఓపీ బహిష్కరించారంటే ఆ క్యూ కదలదు. మర్నాడు పేపర్లో వచ్చే ఫొటో అదే. అది రావాల్సిందే కూడా, ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లకు వేరే దారి లేదు.

ఆ ఫొటోలో పడనిది ఇంకొకటి ఉంది. రుయా ఒక్క ఆస్పత్రే కాదు, 1960లో మొదలైన శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలకు అది తరగతి గది. ఇంజినీరింగ్ కాలేజీలో వారం రోజులు పాఠాలు ఆగితే ఆదివారాలు క్లాసులు పెట్టి సిలబస్ లాగేయొచ్చు. మెడికల్ కాలేజీలో సగం సిలబస్ మంచం మీద పడుకుని ఉంటుంది. సమ్మె వార్త విని ఆ పేషెంటు మదనపల్లెలోనే ఏదో నర్సింగ్ హోమ్‌కు వెళ్లిపోతే, ఆ పాఠం కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

సమ్మెలు ఎందుకు వస్తాయి, ఎలా ముదురుతాయి

ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ డాక్టర్ల డిమాండ్లు చాలా ఏళ్లుగా దాదాపు ఒకటే: స్టైపెండ్ పెంచాలి, ఉన్నది నెలనెలా ఇవ్వాలి, క్యాజువాలిటీలో భద్రత ఉండాలి, డ్యూటీ రూములు మనుషులు ఉండేలా ఉండాలి. 2021 జూన్‌లో, కోవిడ్ రెండో దశ నడుస్తుండగా, భద్రత, ఆరోగ్య బీమా, పరిహారం వంటి అంశాలపై జూడాలు సమ్మె బాట పట్టారు. 2022లో స్టైపెండ్ విషయమై మళ్లీ సమ్మె హెచ్చరిక చేశారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం 15 శాతం పెంచింది. హౌస్ సర్జన్లకు నెలకు 19,589 రూపాయలు ఉన్నది 22,527 అయింది. మొదటి ఏడాది పీజీలకు 44,075 నుంచి 50,686కు చేరింది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో ట్రైనీ డాక్టర్ హత్య తర్వాత దేశమంతా విధుల బహిష్కరణ జరిగితే, తిరుపతి డాక్టర్లూ రోడ్డెక్కారు. అదే నెలలో తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆస్పత్రిలో ఒక రోగి మహిళా జూనియర్ డాక్టర్‌పై దాడి చేయడంతో ఇక్కడి ఆందోళనకు సొంత కారణం కూడా దొరికింది.

సమ్మె ఒక్కసారిగా రాదు. ముందు నోటీసు, తర్వాత నల్ల బ్యాడ్జీలు, తర్వాత ఓపీ బహిష్కరణ, ఆపైన ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్ల బహిష్కరణ. క్యాజువాలిటీ, ఐసీయూ, లేబర్ రూములను చివరి వరకూ మినహాయిస్తారు, వాటిని కూడా వదిలేయడం అరుదు. శిక్షణ కూడా ఈ మెట్ల ప్రకారమే దెబ్బ తింటుంది. నల్ల బ్యాడ్జీతో ఎవరి చదువూ పోదు. ఓపీ ఆగిన రోజు మెడిసిన్, చర్మవ్యాధులు, చెవి ముక్కు గొంతు లాంటి విభాగాల్లో నేర్చుకోవడం ఆగుతుంది. ఆపరేషన్లు ఆగితే సర్జరీ, ఆర్థో, అనస్థీషియా పోతాయి.

చిక్కంతా జూడాల హోదాలోనే ఉంది. కాగితం మీద వాళ్లు విద్యార్థులు, తీసుకునేది జీతం కాదు, స్టైపెండ్. పనిలో మాత్రం ఆస్పత్రి వాళ్ల భుజాల మీద నడుస్తుంది. అందుకే సమ్మె రాగానే అధికారులు ఒక పక్క అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా మాట ఎత్తుతారు, అది పనిచేసేవాళ్లకు వర్తించే చట్టం. ఇంకో పక్క హాజరు పడదని చెబుతారు, అది చదువుకునేవాళ్లకు వర్తించే నిబంధన. రెండు కర్రలూ ఒకరి వీపు మీదే.

వార్డులో ఎవరు ఎవరికి నేర్పుతారు

బయటివాళ్లు ప్రొఫెసర్లే పాఠం చెబుతారనుకుంటారు. లెక్చర్ హాల్లో అది నిజం. వార్డులో ఒక గొలుసు ఉంటుంది: ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్, సీనియర్ రెసిడెంట్, పీజీ, హౌస్ సర్జన్, చివరన ఎంబీబీఎస్ విద్యార్థి. ప్రొఫెసర్ రౌండ్స్‌కు వచ్చి ఒక మంచం దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడిగి వెళ్తారు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఎక్కడ వెతకాలో సాయంత్రం చెప్పేది పీజీ. నరం ఎక్కడ దొరుకుతుందో, ప్లీహం చేతికి ఎలా తగులుతుందో, కేస్ షీట్‌లో ఏ వాక్యం ముందు రాయాలో, పేషెంటు తరఫువాళ్లు గొడవకు వస్తే గొంతు ఎంత తగ్గించాలో, ఇవన్నీ నడిమెట్టు వాళ్లు నేర్పేవే.

జూడా సమ్మెలో బయటికి వెళ్లేది సరిగ్గా ఆ నడిమెట్టు. పైన ప్రొఫెసర్లు ఉంటారు, కింద విద్యార్థులు ఉంటారు, మధ్యలో ఎవరూ ఉండరు. క్లాసులు ఆగలేదని కళాశాల చెప్పేది అబద్ధం కాదు, టైమ్‌టేబుల్ అలాగే ఉంటుంది. కానీ పీజీలు లేకపోతే అసిస్టెంట్ ప్రొఫెసర్లు క్యాజువాలిటీ చూడాలి, కేస్ షీట్లు రాయాలి, డిశ్చార్జి సమ్మరీలు కూడా వాళ్లే. పది గంటలకు బెడ్‌సైడ్ క్లాస్ తీసుకోవాల్సిన మేడమ్ పదకొండున్నరకు కూడా క్యాజువాలిటీలోనే ఉంటారు. విద్యార్థులు వార్డు బయట వరండాలో ఆప్రాన్లు వేసుకుని నిలబడతారు, చివరికి ఎవరో ఒకరు వచ్చి లైబ్రరీకి వెళ్లండమ్మా అంటారు. హాజరు పడుతుంది.

రోజుల లెక్క, ఓపీ రోజు లెక్క

జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం హౌస్ సర్జన్సీ 52 వారాలు. అందులో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలు, ప్రసూతి విభాగానికి 7, జనరల్ మెడిసిన్‌కు 6, జనరల్ సర్జరీకి 6, పిల్లల విభాగానికి 3. ఆర్థో, కన్ను, చెవి ముక్కు గొంతు, మత్తు, మానసిక వైద్యం, ఎమర్జెన్సీ ఒక్కోదానికి 2 వారాలే. చర్మవ్యాధులకు ఒకే ఒక్క వారం. ఏడాది మొత్తానికి 15 రోజుల సెలవు. అంతకు మించి పోతే పొడిగింపు తప్పదు. వాడుకలో దాన్ని ‘ఎక్స్‌టెన్షన్’ అంటారు, ఆ మాట వింటేనే హౌస్ సర్జన్లకు టెన్షన్.

ఇక్కడే లెక్క తప్పుతుంది. పెద్దాస్పత్రుల్లో ప్రతి విభాగంలో కొన్ని యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక ఓపీ రోజు. కొత్త పేషెంట్లు ప్రధానంగా ఆ రోజే వస్తారు, అడ్మిషన్లూ ఆ రోజే ఎక్కువ. మిగిలిన రోజులు ఆ వచ్చినవాళ్లనే చూసుకోవడం, ఆపరేషన్ చేయడం, పంపించడం. అంటే వారానికి ఆరు పనిదినాలున్నా, కొత్త కేసును మొదటి నుంచి చూసే అవకాశం ఒక్క రోజు చుట్టూనే తిరుగుతుంది.

ఆర్థో పోస్టింగులో ఉన్న హౌస్ సర్జన్ యూనిట్‌కు ఓపీ మంగళవారం అనుకుందాం. రెండు వారాల్లో ఆ అమ్మాయికి దక్కేది రెండు మంగళవారాలు. సమ్మె ఒక మంగళవారం మొదలై వచ్చే మంగళవారం సాయంత్రం ముగిస్తే, రికార్డులో పోయింది ఎనిమిది రోజులు. నిజానికి పోయింది మొత్తం ఆర్థో ఓపీ. అదే ఎనిమిది రోజులు మంగళవారమే ఓపీ ఉన్న యూనిట్‌లో ఆరు వారాల మెడిసిన్ పోస్టింగు చేస్తున్న స్నేహితుడికి ఆరు ఓపీల్లో రెండు పోయినట్టు, నాలుగు మిగిలాయి. చర్మవ్యాధుల పోస్టింగులో ఉన్నవాడికి ఏమీ మిగల్లేదు. ముగ్గురికీ ఒకే సమ్మె, ఒకే ఎనిమిది రోజులు, సమ్మె ముగిశాక ముగ్గురికీ ఒకే ఉత్తర్వు. నష్టం మాత్రం ముగ్గురికీ మూడు రకాలు. సమ్మె ఎన్ని రోజులు సాగిందన్నదొక్కటే చూసేవాళ్లకు ఇది కనపడదు.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వానలు పడ్డాక డెంగీ, విషజ్వరాలు ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల నెలల్లో పిల్లల వార్డు, మెడిసిన్ వార్డు నిండిపోతాయి. ప్లేట్‌లెట్లు పడిపోతున్న పేషెంట్‌లో అసలు చూడాల్సింది ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తం చిక్కబడటం, బీపీ, మూత్రం అని అర్థమయ్యేది అలాంటి పాతిక ముప్పై మందిని వరసగా చూశాకే. అక్టోబరు చివర్లో పోయిన పది రోజులను మార్చిలో ‘పొడిగించి’ ఇస్తే ఆ వార్డులో డెంగీ ఉండదు.

గాజు గొట్టం, ఇరవై నిమిషాలు

క్యాజువాలిటీలో రాత్రి పూట నేర్చుకునే ఒక పని చూస్తే ఈ విషయం తేటపడుతుంది. వేరుశనగ చేలో పనిచేస్తూ పాము కాటు తిన్న మనిషిని తెస్తారు. కరిచింది ఏ పామో చూసినవాళ్లు ఉండరు. రక్తపింజర అయితే విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష.

పుస్తకంలో ఇది మూడు వాక్యాలు. చేసేటప్పుడు తప్పులు జరిగే చోట్లు వేరే ఉన్నాయి. ప్లాస్టిక్ గొట్టం వాడితే ఫలితం చెడుతుంది. సబ్బునీళ్లతో కడిగిన పాత గాజు గొట్టం వాడినా చెడుతుంది. గొట్టం పట్టుకున్న హౌస్ సర్జన్ తొందరపడి పన్నెండో నిమిషంలోనే వంచి చూస్తాడు. పక్కనున్న పీజీ చేయి పట్టుకుని ‘ఆగు, గడియారం చూడు’ అంటాడు. ఆ ఒక్క మాట, నేర్చుకున్న పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో రాయడానికి గడి లేదు. రేపు ఏదో పీహెచ్‌సీలో ఒంటరిగా డ్యూటీలో ఉన్నప్పుడు ఆ హౌస్ సర్జన్‌కు పనికొచ్చేది అదే.

ఎమర్జెన్సీని సమ్మె నుంచి మినహాయించారు కాబట్టి శిక్షణకు ఢోకా లేదనే వాదన ఇక్కడ నిలవదు. ఎమర్జెన్సీ నడుస్తుంది, నిజమే. నడిపేది రోస్టర్ ప్రకారం దిగిన సీనియర్లు, వాళ్లకు ఆ గంటలో నేర్పే తీరిక ఉండదు. రోజూ ఐదుగురు ఉండే చోట ఇద్దరుంటే మొదట ఆగేది చికిత్స కాదు, వివరణ.

సమ్మెలో లేనివాళ్ల సంగతి

ఎంబీబీఎస్ విద్యార్థులు చాలాసార్లు సంఘీభావం తెలిపి ర్యాలీలో నడుస్తారు తప్ప, స్టైపెండ్ పెంపుతో వాళ్లకు అప్పటికప్పుడు ఒరిగేది ఏమీ లేదు. నష్టం మాత్రం ముందు వాళ్లదే. రెండో దశ నుంచి రోజుకు మూడు గంటలు వార్డులో ఉండాలని పాఠ్యప్రణాళిక చెబుతుంది. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్, క్లినికల్‌లో 80 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు అర్హత. 2019 నుంచి అమలైన నైపుణ్యాధారిత విధానంలో ప్రతి నైపుణ్యానికీ లాగ్‌బుక్‌లో సంతకం కావాలి, కొన్ని పనులు చూస్తే చాలదు, పర్యవేక్షణలో చేసి చూపాలి.

సమ్మె తర్వాత కళాశాలలు చేసే మొదటి సర్దుబాటు బ్యాచ్‌లు కలపడం. పదిహేను మంది చుట్టూ నిలబడే మంచం దగ్గర ముప్పై మంది నిలబడతారు. గుండె చప్పుడులో తేడా వినాలంటే స్టెతస్కోపు పెట్టి కాసేపు ఊపిరి బిగబట్టి వినాలి. ముప్పై మంది వరసగా ఆ పని చేస్తే పేషెంటు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ముందు వరసలో నలుగురు వింటారు. మిగతావాళ్లు విన్నట్టు తలాడిస్తారు. సంతకాలు ముప్పై మందికీ పడతాయి.

స్కిల్ ల్యాబ్ ఉంది కదా అనే మాట వస్తుంది. బొమ్మ మీద ఇంజెక్షన్, కుట్లు, ఛాతీ నొక్కడం సాధన చేయడానికి అది నిజంగా మంచిదే, సమ్మె రోజుల్లో ఖాళీగా కూర్చోబెట్టే బదులు అక్కడికి పంపడం తెలివైన పని. కానీ బొమ్మ ఎప్పటి నుంచి నొప్పో చెప్పదు, చెప్పినా పీలేరు యాసలో చెప్పదు.

ఎవరు సమ్మె చేస్తే ఎవరికి తగులుతుంది

డాక్టర్లు అన్న ఒక్క మాట కింద చాలా వర్గాలున్నాయి, అందరి సమ్మె ఫలితమూ ఒకటి కాదు. హౌస్ సర్జన్లు మాత్రమే ఆగితే వాళ్లు మోసే రక్త నమూనాలు, స్ట్రెచర్లు, ఫారాలు పీజీల నెత్తిన పడతాయి. బోధన సిబ్బంది ఆగితే ఆస్పత్రిని పీజీలు లాక్కొస్తారు కానీ పైనుంచి చూసేవాళ్లు లేని ఆ స్వేచ్ఛ ప్రమాదకరం. పరీక్షలు కూడా ఆగుతాయి, ఎందుకంటే ప్రాక్టికల్‌కు ఎగ్జామినర్ కావాలి, విద్యార్థి పేషెంటును పూర్తిగా పరీక్షించి చెప్పే లాంగ్ కేస్‌కు పేషెంటు కావాలి.

పీహెచ్‌సీ డాక్టర్ల ఆందోళనకు వైద్య కళాశాలతో సంబంధం లేదనిపిస్తుంది. 2024లోనూ 2025లోనూ రాష్ట్రంలో వాళ్లు సమ్మెకు దిగిన ముఖ్య కారణాల్లో ఒకటి పీజీ సీట్లలో ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు ఇచ్చే ఇన్-సర్వీస్ కోటా. అంటే గొడవే శిక్షణ గురించి. దెబ్బ రెండు వైపుల నుంచి వస్తుంది. హౌస్ సర్జన్ల కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగు 12 వారాలు, అందులో పల్లె ఆస్పత్రి భాగం. అక్కడ మెడికల్ ఆఫీసర్ లేకపోతే నేర్పేవాళ్లు లేరు. మరోపక్క పీహెచ్‌సీలో ఆగాల్సిన జ్వరం, సుగర్, బీపీ కేసులు నేరుగా పెద్దాస్పత్రికి వస్తాయి, ఓపీలో ఒక్కో పేషెంటుకు దొరికే సమయం ఇంకా తగ్గుతుంది. 2025 అక్టోబరులో ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలు ఆపినప్పుడూ ఇదే సూత్రం. పేషెంటుకు తలుపు ఒకటి మూస్తే ఇంకో తలుపు దగ్గర రద్దీ పెరుగుతుంది, ఆ రెండో తలుపు ఎక్కువగా బోధనాసుపత్రిదే.

చిత్తూరులో పరిస్థితి మరోలా ఉంటుంది. అక్కడి ప్రభుత్వ జిల్లా ఆస్పత్రిలో అపోలో వైద్య కళాశాల విద్యార్థులు క్లినికల్ శిక్షణ పొందుతారు. ప్రభుత్వ డాక్టర్ల వివాదం ప్రైవేటు కళాశాల విద్యార్థి వార్డు దాకా వచ్చే దారి అది. కుప్పంలోని పీఈఎస్ లాంటి సొంత ఆస్పత్రి ఉన్న కళాశాలలకు ఈ చిక్కు తక్కువ. తిరుపతిలోనే స్విమ్స్‌కు అనుబంధంగా 2014లో మొదలైన శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది. ఒకే ఊళ్లో, రోడ్డుకు అటూ ఇటూ అన్నంత దగ్గరలో ఉన్న రెండు కళాశాలల్లో ఒకదానిలో సమ్మె గట్టిగా, రెండోదానిలో మెత్తగా సాగితే, రేపు ఒకే పీజీ ప్రవేశ పరీక్ష రాయబోయే విద్యార్థులు వేర్వేరు శిక్షణతో హాల్లోకి వెళ్తారు.

పీజీల ఇబ్బంది వేరు

సమ్మె చేసే పీజీలకూ నష్టం ఉంది, కాకపోతే వాళ్లది తెలిసి తీసుకున్న నష్టం. 2023 పీజీ నిబంధనల ప్రకారం 80 శాతం హాజరు, ఏడాదికి 20 రోజుల జీతంతో కూడిన సెలవు. దాటితే ఆ మేరకు కోర్సు సాగుతుంది. సర్జరీ పీజీకి ఆపరేషన్ల సంఖ్యే చదువు. ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్ల (ఎలక్టివ్) జాబితా రద్దయితే హెర్నియాలు, థైరాయిడ్లు వాయిదా పడతాయి. తిరిగి మొదలయ్యాక ఆ పాత జాబితా, కొత్త జాబితా కలిసి మీద పడతాయి. అప్పుడు కత్తి సీనియర్ చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే జూనియర్‌తో చేయిస్తే గంటన్నర, తనే చేస్తే నలభై నిమిషాలు.

థీసిస్ మీద పడే దెబ్బ నిదానంగా తెలుస్తుంది. ఫలానా వ్యాధితో వరసగా వచ్చే ఇంతమందిని చూస్తానని ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన పీజీకి, మధ్యలో ఇరవై రోజులు పేషెంట్లు రాకపోతే ఆ వరస తెగుతుంది. గడువు తేదీ మాత్రం జరగదు.

నీట్ తేదీ అనే గోడ

హౌస్ సర్జన్లకు అసలు భయం స్టైపెండ్ కోత కాదు. నీట్ పీజీ రాయాలంటే ఒక నిర్ణీత తేదీలోపు ఇంటర్న్‌షిప్ పూర్తయి ఉండాలి. 2025 పరీక్షకు ఆ తేదీ జూలై 31. దానికి నాలుగు రోజులు అవతల పడినా ఆ ఏడాది పోయినట్టే. సమ్మె రోజులు పొడిగింపుగా మారితే, మార్చిలో ఇంటర్న్‌షిప్ ముగిసే బ్యాచ్‌కు పెద్దగా తేడా రాదు. జూలై చివర్లో ముగిసే బ్యాచ్‌కు పది రోజుల సమ్మె అంటే ఒక సంవత్సరం.

అందుకే సమ్మె విరమణ చర్చల్లో ‘సమ్మె కాలాన్ని డ్యూటీగా పరిగణించాలి’ అనే డిమాండ్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ చివరనే ఉంటుంది. 2024 ఆగస్టు 22న సుప్రీంకోర్టులో ఆర్‌జీ కర్ కేసు విచారణలోనూ ఇదే మాట వినిపించింది. నాగ్‌పూర్ ఎయిమ్స్ రెసిడెంట్లకు గైర్హాజరు వేస్తున్నారని, పరీక్షలకు రానివ్వడం లేదని వాళ్ల న్యాయవాది చెప్పారు. ముందు విధుల్లోకి వెళ్లండి, తర్వాత వాళ్ల మీద చర్యలు లేకుండా చూస్తామన్నది కోర్టు ఇచ్చిన భరోసా సారాంశం. అది మానవీయమైన పరిష్కారమే. కాకపోతే హాజరు వేయడం వల్ల చూడని కేసు చూసినట్టు అవదు. ఉత్తర్వు పరీక్షను కాపాడుతుంది, శిక్షణ సంగతి అలాగే ఉంటుంది.

కొరియా, ఇంగ్లండ్, బెంగాల్

వివాదం వారాల్లో కాక నెలల్లో సాగితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ఏడాదికి 3,058గా ఉన్న వైద్య సీట్లను ఒక్కసారే 2,000 పెంచుతామని ప్రకటించింది. పదమూడు వేల మంది ట్రైనీ డాక్టర్లలో అత్యధికులు రాజీనామా చేసి వెళ్లిపోయారు. విద్యార్థులు కూడా మూకుమ్మడి సెలవు పెట్టారు, ఏడాదికి పైగా తరగతులకు రాలేదు. 2025 జనవరిలో లైసెన్సు పరీక్ష పాసైనవాళ్లు 269 మంది, అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య మూడు వేలకు పైమాటే. విద్యార్థులు తిరిగొచ్చేసరికి 2024, 2025 బ్యాచ్‌లు రెండూ ఒకే మొదటి ఏడాదిలో ఇరుక్కున్నాయి. చివరికి 2026 సీట్లను మళ్లీ 3,058కే తెచ్చారు. ఒక ఏడాది డాక్టర్లు తయారుకాకపోతే తర్వాతి ఏడాది ఆస్పత్రుల్లో ఇంటర్న్‌లు ఉండరు, వాళ్లు లేకపోతే ఆ తర్వాత రెసిడెంట్లు తగ్గుతారు. పైన చెప్పిన గొలుసు అక్కడ ఒక కొస నుంచి ఇంకో కొసకు తెగుతూ వెళ్లింది.

ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. 2023 మార్చి నుంచి మరుసటి ఏడాది జూలై దాకా అక్కడి జూనియర్ డాక్టర్లు కొద్ది రోజుల విడతలుగా సమ్మె చేశారు. తేదీలు ముందే ప్రకటిస్తారు. ఏడాదిలో 14 రోజులకు మించి శిక్షణకు దూరమైతే ఆ ట్రైనీకి కోర్సు పొడిగించాలా వద్దా అన్నది విడిగా సమీక్షిస్తారు. మన 15 రోజులకూ వాళ్ల 14 రోజులకూ అంకెలో పెద్ద తేడా లేదు, వాడే తీరులో ఉంది. మన దగ్గర గీత దాటితే పొడిగింపు, లేదా మూకుమ్మడి మాఫీ. అక్కడ గీత దాటితే ఏం నేర్చుకున్నావు, ఏం మిగిలింది అని ఒక్కొక్కరిని అడుగుతారు. వందల మంది హౌస్ సర్జన్లున్న కళాశాలలో అది శ్రమే, అసాధ్యం మాత్రం కాదు. లాగ్‌బుక్ ఉన్నది అందుకే.

బెంగాల్‌లో జూనియర్ డాక్టర్లు 2024లో 42 రోజులు పని ఆపి, సెప్టెంబరు 21న ముందు ఎమర్జెన్సీ సేవలకు మాత్రమే తిరిగొచ్చారు. 42 రోజులంటే మన లెక్కలో మూడు ఆర్థో పోస్టింగులు.

తప్పంతా సమ్మెదేనా

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. సమ్మె లేని రోజున కూడా హౌస్ సర్జన్ చేసే పనిలో చాలా భాగం శిక్షణ కాదు. రక్తం సీసాలు ల్యాబ్‌కు మోయడం, స్కానింగ్ దగ్గర పేషెంటు పక్కన నిలబడటం, ఆన్‌లైన్ ఎంట్రీలు కొట్టడం. సిబ్బంది చాలకపోతే ఆ ఖాళీని పూడ్చేది వాళ్లే. కాబట్టి పోయిన ప్రతి రోజునూ పోయిన చదువుగా చూపించడం అతిశయోక్తి. పైగా డ్యూటీ గంటలు, భద్రత, సిబ్బంది కొరత లాంటి డిమాండ్లు నెరవేరితే లాభపడేది కూడా శిక్షణే. ముప్పై గంటలు నిద్రలేని పీజీ గాజు గొట్టం దగ్గర ఎవరి చేయీ పట్టుకోడు.

ఈ వాదన సమ్మె డిమాండ్లకు బలమే కానీ, ఆ ఎనిమిది రోజుల్లో ఆర్థో ఓపీ పోగొట్టుకున్న హౌస్ సర్జన్‌కు జవాబు కాదు. బాగుపడిన డ్యూటీ రూమ్ వచ్చే ఏడాది బ్యాచ్‌కు అందుతుంది. మూల్యం ఈ ఏడాది బ్యాచ్ కట్టింది.

సమ్మె ముగిశాక

పనిలోకి వచ్చిన మొదటి వారం ఆస్పత్రి మామూలు కంటే రద్దీగా ఉంటుంది. నేర్చుకోవడానికి అది మంచి సమయమని అనుకోవచ్చు, కేసులు బోలెడు. కానీ అప్పుడు ఎవరికీ నిలబడి చెప్పే ఓపిక ఉండదు. కాస్త ఆలోచించిన విభాగాధిపతులు కొన్ని చిన్న పనులు చేయగలరు, వాటికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కర్లేదు. చిన్న పోస్టింగులో సమ్మె తగిలినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, విభాగాన్ని ఎంచుకునే వీలున్న ఎలక్టివ్ వారాలను వీలైతే ఆ విభాగంలోనే తీసుకోమని చెప్పొచ్చు. ఇంకో యూనిట్ ఓపీ రోజున కూర్చోనివ్వొచ్చు. కలిపిన బ్యాచ్‌ను రెండు పూటలుగా విడగొట్టొచ్చు. నీట్ తేదీ దగ్గర్లో ఉన్నవాళ్లకు రోజులు పొడిగించకుండా రాత్రి డ్యూటీలుగా సర్దొచ్చు.

అవేవీ జరగకపోతే ఆ అమ్మాయి మంగళవారాలు రెండూ పోయిన ఆర్థో పోస్టింగు కాగితం మీద రెండు వారాలుగానే ముగుస్తుంది, సర్టిఫికెట్ మీద సంతకం పడుతుంది. మరుసటి సోమవారం ఆమె కంటి విభాగానికి వెళ్తుంది. ఆర్థో ఓపీలో ఆ మంగళవారం, పుత్తూరులో నాటు కట్టు కట్టించుకుని వేళ్లు నల్లబడి వచ్చిన కుర్రాడికి ఆ కట్టు ఎలా విప్పాలో పీజీ చూపిస్తుంటాడు, చుట్టూ తర్వాతి బ్యాచ్ నిలబడి ఉంటుంది.